హెచ్‌పీ5 ప్లస్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్: ఉప్పాడ ఒడ్డున 12 రోల్స్ తీశాక రాస్తున్న రివ్యూ

ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ వాడుతూ రెండేళ్లు దాటింది. 35ఎంఎం, 36 ఫోటోల రోల్స్, ఇప్పటికి 14 అయ్యాయి. వాటిలో 12 ఒక్క చోటే తీశా, కాకినాడ పక్కన ఉప్పాడ ఒడ్డున, మా అమ్మ పుట్టిల్లు అటువైపే. నేనుండేది మియాపూర్‌లో, రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి కాకినాడలో దిగుతా, అక్కణ్ణుంచి ఆటో. ఈ ఫిల్మ్ మీద నెట్‌లో రివ్యూలు బోలెడున్నాయి గానీ ఎక్కువ శాతం మబ్బు పట్టిన ఊళ్లలో, చలికోట్లు వేసుకున్న మనుషుల మీద తీసినవే. మన ఎండలో, మన ఒంటి రంగు మీద తీసి, మన ట్యాంకు నీళ్లతో కడిగితే ఎలా వస్తుందో రాసినవాళ్లు నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఫిల్మ్ మొదలెడదామా వద్దా అని ఊగిసలాడేవాళ్లు ఓపిగ్గా చదవండి. 5కి నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎందుకు తగ్గించానో మధ్యలో చెప్తా.

ముందు ఎండ సంగతి చెప్పాలి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. రాత్రి వేటకెళ్లిన ఫైబర్ బోట్లు తెల్లారాక ఆరింటికో ఏడింటికో ఒడ్డుకి తిరిగొస్తాయి. మనం ఇసకలో నిలబడి బోటు వైపు కెమెరా ఎత్తితే వెలుగు సూటిగా లెన్స్‌లోకే కొడుతుంది, బోటుకి భుజం పెట్టి నెట్టేవాళ్ల మొహాలేమో పూర్తిగా నీడలో ఉంటాయి. ఆ టైమ్‌లో ఎవరు ఫోటో తీసినా ఒకటే బొమ్మ వస్తుంది, నల్లటి ఆకారాలు, వెనక తళతళా మెరిసే నీళ్లు. క్యాలెండర్ల మీద, హోటల్ గోడల మీద చూసే ఉంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అందులో మా మావయ్య ఎవరో పక్కింటి పెద్దాయన ఎవరో చెప్పలేం. చిన్నప్పట్నుంచీ సముద్రం మీద బతికిన మనిషి మొహం లేకుండా ఒక నల్ల మచ్చగా మిగిలిపోవడం నాకు అస్సలు నచ్చలేదు. ఫోన్‌తో తీసి చూశా, ఫోన్ ఏం చేస్తుందంటే మొహాన్నీ ఆకాశాన్నీ రెండిటినీ ఒకే వెలుగుకి తెచ్చేస్తుంది, అప్పుడు పొద్దున ఆరున్నరా మధ్యాహ్నం పన్నెండా అనేది కూడా తెలీదు. వెలుగు వెలుగులాగే ఉండాలి, మనిషీ కనపడాలి, ఆ రెండూ కావాలనే ఫిల్మ్ వైపొచ్చా.

ఇప్పుడు హెచ్‌పీ5 ఏం చేస్తుందో చెప్తా. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దేన్ని చూసినా అది మధ్యస్థం బూడిద రంగే అనుకుని లెక్కేస్తుంది. ఎదురుగా మెరిసే సముద్రం, తెల్లటి నురగ, తడి ఇసక ఉంటే అమ్మో వెలుగెక్కువైపోయింది అని తగ్గించేస్తుంది, ఆ దెబ్బకి నీడలో ఉన్న మొహం మసిబొగ్గు అయిపోద్ది. ఆ మొహం నల్లటి మొహమైతే ఇంకేమీ మిగలదు. మా వాళ్లందరూ నల్లవాళ్లే, ఎండకీ ఉప్పుగాలికీ ఇంకా నల్లబడ్డవాళ్లు. కాబట్టి నేను మీటర్ మాట వినడం మానేశా. అదే నీడలో నా అరచెయ్యి పెట్టుకుని దాని మీద మీటర్ చూసుకుంటా, ఒంటి రంగు ఏదైనా అరచెయ్యి మాత్రం మధ్యస్థం బూడిద కంటే దాదాపు ఒక స్టాప్ వెలుగుగా, అంటే రెట్టింపు వెలుగుగా ఉంటుంది గనక అక్కణ్ణుంచి లెన్స్ కన్నం ఇంకో స్టాప్ తెరుస్తా. ఒక పొద్దున కెమెరా మీటర్ షట్టర్ సెకనులో 1/500 వంతు దగ్గర ఎఫ్ 11 (ఎఫ్ నంబరు లెన్స్ కన్నం సైజు, నంబరు తగ్గితే కన్నం పెద్దది) అని చూపిస్తే అరచెయ్యి లెక్క ప్రకారం ఎఫ్ 5.6 వచ్చింది, రెండు స్టాప్‌లు తేడా. డిజిటల్‌లో అలా తెరిస్తే ఆకాశం తెల్ల కాయితం అయిపోయి తిరిగి రాదు. ఈ ఫిల్మ్ మాత్రం తట్టుకుంటుంది, ఆకాశం నెగెటివ్ మీద, అంటే వెలుగు నల్లగా పడే కడిగిన ఫిల్మ్ మీద, దట్టంగా పడుతుందే తప్ప పోదు, స్కాన్ చేసేటప్పుడో ప్రింట్ చేసేటప్పుడో కొంచెం అదిమితే మబ్బులతో సహా బయటికొస్తుంది. మొహంలో కళ్ల కింది ముడత, గడ్డం మీద ఆరిపోయిన ఉప్పు, నుదుటి మీద చెమట, అన్నీ విడివిడిగా ఉంటాయి. నలుపులో ఇన్ని మెట్లున్నాయని నాకు ఈ ఫిల్మ్ వాడాకే తెలిసింది. ఆ ఒక్క గుణానికే నేను వేరే ఫిల్మ్‌కి పోలేదు.

ఫిల్మ్ చరిత్ర కొంచెం. హెచ్‌పీ అంటే హైపర్ సెన్సిటివ్ పాంక్రొమాటిక్, అన్ని రంగుల వెలుగునీ పట్టుకునేది అని. హెచ్‌పీ5 వచ్చింది 1976లో, ఇప్పుడు మనం కొనే ప్లస్ 1989లో వచ్చింది, ఇంగ్లండ్‌లో మోబర్లీ అనే చోట తయారవుతుంది. నా కెమెరా పాత పెంటాక్స్ కే1000, అదీ 1976లో మార్కెట్‌లోకొచ్చిన మోడలే, కోఠీలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా. బ్యాటరీ మీటర్‌కే, అది అయిపోయినా షట్టర్ పనిచేస్తుంది, సముద్రం దగ్గర ఇది చాలా పెద్ద లాభం. ఒక్క ఇబ్బంది, దీని షట్టర్ 1/1000తో ఆగిపోతుంది. ఈ ఫిల్మ్ స్పీడ్, అంటే వెలుగుని పట్టే వేగం, 400, మిట్టమధ్యాహ్నం ఎండలో 1/500 పెడితే ఎఫ్ 16 కావాలి, వెనకాల ఉన్న గుడిసెలూ కరెంటు స్తంభాలూ అన్నీ క్లియర్‌గా వచ్చి మనిషి కలిసిపోతాడు. పసుపు ఫిల్టర్ వేసుకుంటే ఒక స్టాప్ తగ్గుతుంది, నారింజ రంగుదైతే రెండు. నారింజ ఫిల్టర్ ఇంకో మేలు కూడా చేస్తుంది, నీలం ఆకాశాన్ని ముదురు చేసి ఒంటి రంగుని కొంచెం తేలుస్తుంది, నల్లటి వీపు ముదురు ఆకాశం మీద విడిగా నిలబడుతుంది. ఎర్ర ఫిల్టర్ జోలికి మాత్రం పోకండి, ఆకాశం తుపానొచ్చినట్టు నల్లగా అయిపోద్ది, మామూలు మంగళవారం పొద్దున కూడా ప్రళయంలా కనిపిస్తుంది. అది అబద్ధం అనిపిస్తుంది నాకు.

రంగుల్లో ఎందుకు తియ్యవు అని చాలామంది అడిగారు. మా ఊళ్లో బోట్లకి నీలం, పసుపు, ఎరుపు పెయింట్లు, వలలు పచ్చ నైలాన్, ఆడవాళ్ల చీరలు సరేసరి, ఐస్ పెట్టే ప్లాస్టిక్ ట్రేలు ముదురు నీలం. రంగులో తీస్తే చూసేవాడి కన్ను ముందు ట్రే మీదకి పోతుంది. అదే ఫోటో నలుపు తెలుపులో ఉంటే తాడు లాగే చేతుల మీదకి పోతుంది. అలివి వల లాగేటప్పుడు చూడండి, రెండు పక్కలా రెండు గుంపులు, తాడు నడుముకి ఆనించుకుని వెనక్కి వెనక్కి అడుగేస్తూ లాగుతారు, అందరి మడమలూ ఒకేసారి ఇసకలో దిగబడతాయి. ఆ మడమల కోసం నేను ఒక పూటలో రోల్ మొత్తం ఖర్చు పెట్టా. కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు బోటులోంచి గుమ్మరిస్తుంటే ఆ మెరుపు కూడా ఈ ఫిల్మ్ మీద చాలా బాగా వస్తుంది, పొలుసు పొలుసుకీ తేడా తెలుస్తుంది.

అయితే పోయేది కూడా ఒకటుంది, దాచను. ఒడ్డు మీద వేలం పాట జరిగేటప్పుడు కొనేవాడు వంగి చేప మొప్ప ఎత్తి చూస్తాడు, లోపల ఎర్రగా ఉందా గోధుమ రంగుకి తిరిగిందా అని. చేప రేటంతా ఆ ఎరుపులోనే ఉంటుంది. నా ఫోటోల్లో ఆ వంగడం ఉంది, వేలు మొప్ప కింద పెట్టడం ఉంది, ఎరుపు లేదు. మావయ్యకి ఆ ప్రింట్ చూపిస్తే మొదట అడిగింది అదే, "చేప మంచిదా పాడైందా ఇందులో ఎలా తెలుస్తదిరా?" అని. నా దగ్గర సమాధానం లేదు. తగ్గించిన అర మార్కు దీనికే. ఫిల్మ్ తప్పేం లేదు, అయినా మార్కు మార్కే.

వేలం పాట కొన్నిసార్లు ఇంకా చీకటి ఉండగానే మొదలైపోతుంది, బల్బుల వెలుగులో. అక్కడ 400 సరిపోదు. ఇదే రోల్‌ని 1600 అనుకుని తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచితే పని జరుగుతుంది. ఐడీ11 అనే డెవలపర్‌లో (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనం) నీళ్లు కలపకుండా 400కి ఏడున్నర నిమిషాలైతే 800కి పదిన్నర, 1600కి 14, అన్నీ 20 డిగ్రీల దగ్గర. గ్రెయిన్, అంటే ఫోటోలో కనిపించే రేణువులు, పెరుగుతుంది, నీడలు మూసుకుపోతాయి, ఇందాక చెప్పిన నలుపులో మెట్లు సగం పోతాయి. గుర్తుంచుకోండి, రోల్ మొత్తం ఒకే స్పీడ్‌లో తియ్యాలి, సగం 400 సగం 1600 అంటే కుదరదు. నేను 1600లో రెండు రోల్స్ తీశా, వాటిలో నాకు నచ్చినవి నాలుగైదుకి మించవు, 800 దగ్గర ఆగిపోతే మంచిదని నా అభిప్రాయం.

ఇక కడగడం. ఇది హైదరాబాద్ వాళ్లకి ముఖ్యం. నా మొట్టమొదటి రోల్ సిటీలో ఒక ల్యాబ్‌లో ఇచ్చా, పేరు రాయను. బ్లాక్ అండ్ వైట్ అని రోల్ మీదే ఉంది, నోటితో కూడా చెప్పా, అయినా కలర్ ఫిల్మ్‌లతో కలిపి అదే మెషిన్‌లో వేసేశారు. కలర్ ప్రాసెస్‌లో చివర్లో వెండిని మొత్తం కరిగించి తీసేసే దశ ఉంటుంది, కలర్ ఫిల్మ్‌కి అది అవసరమే, బొమ్మ రంగుల్లో ఉండిపోతుంది కాబట్టి. ఇలాంటి మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ అంటేనే ఆ వెండి. ఖాళీ ఫిల్మ్ ముక్క చుట్టి చేతిలో పెట్టారు. అందులో మా అత్త నెత్తళ్లు (చిన్న చేపలు) ఎండబెడుతున్న ఫోటోలు ఉన్నాయి, పందిరి మీద వరసగా పరిచి మధ్యమధ్యలో కాకుల్ని తోలుతున్నవి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చుని తీసినవి. నెలాఖరికి మళ్లీ ఊరెళ్తే మొదటి మాటే, "ఏదిరా నా ఫోటో, పట్నంలో మర్చిపోయొచ్చావా?" అంది. పోయాయి అత్తా అని చెప్పడానికి నోరు రాలేదు. అందుకని చెప్తున్నా, ల్యాబ్‌కి ఇచ్చేముందు బ్లాక్ అండ్ వైట్ కెమికల్స్ విడిగా ఉన్నాయా, చేత్తో కడుగుతారా అని అడిగి, వాళ్లు కడిగిన నెగెటివ్ ఒకటి కళ్లతో చూసి ఇవ్వండి. కలర్ మెషిన్‌లో కడగగలిగే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఇదే కంపెనీది ఒకటుంది, ఎక్స్‌పీ2 సూపర్, దానికీ దీనికీ అట్టపెట్టె చూసి కన్‌ఫ్యూజ్ అవ్వకండి.

ఆ తర్వాత ఇంట్లోనే కడుగుతున్నా. ఫిల్మ్ కడిగే చిన్న ట్యాంకు, చీకటి సంచి, థర్మామీటర్, డెవలపర్, బొమ్మని నిలబెట్టే హైపో, ఇంతే, బాత్రూమ్ చాలు, చీకటి గది కూడా అక్కర్లేదు. అసలు కష్టం నీళ్లే. పుస్తకాల్లో అంతా 20 డిగ్రీలు అని ఉంటుంది, మే నెలలో మా అపార్ట్‌మెంట్ పైన ట్యాంకులోంచి కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. మొదట్లో 20కి దించడానికి ఐస్ ట్రేలు మీద ట్రేలు ఖాళీ చేసేవాణ్ణి, సగంలో మళ్లీ వేడెక్కిపోయేది. ఇప్పుడు 24 డిగ్రీల దగ్గరే స్థిరంగా పెట్టుకుంటున్నా, వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి ఐస్ వేసి సీసాలన్నీ అందులోనే గంటసేపు ఉంచితే డెవలపర్, హైపో, కడిగే నీళ్లు మూడూ ఒకే వేడికి వస్తాయి. వేడి పెరిగితే టైమ్ తగ్గించాలి, అందుకే ఐడీ11ని సగానికి సగం నీళ్లు కలిపి వాడుతున్నా, 20 దగ్గర 13 నిమిషాలు పట్టేది 24 దగ్గర తొమ్మిది నిమిషాల చిల్లరలో అయిపోతుంది. నీళ్లు కలపకపోతే అయిదు నిమిషాలకి పడిపోద్ది, అంత తక్కువ టైమ్‌లో కడిగితే ఫిల్మ్ మీద మచ్చలుమచ్చలుగా తేడా వచ్చే ప్రమాదం ఉంటుంది. సముద్రం ఎదురు వెలుగులో రెండు స్టాప్‌లు ఎక్కువిచ్చి తీసిన రోల్స్‌కి ఇంకో నిమిషం పైగా తగ్గిస్తా, ఆకాశం అదుపులో ఉంటుంది.

రెండోది బోరు నీళ్లు. మా దగ్గర సగం రోజులు బోరు, సగం రోజులు ట్యాంకరు. ఆ నీళ్లతో చివరి కడుగు కడిగి ఆరేస్తే ఫిల్మ్ మీద తెల్లటి చుక్కలు పడిపోతాయి, మొహం మీద పడితే ఇక ఏం చేసినా పోవు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనుక్కొచ్చి చివర్లో దాంట్లో ముంచి తీస్తున్నా, అప్పట్నుంచి ఒక్క చుక్క లేదు. కడగడానికి నీళ్లు ఎక్కువ పోతాయని భయపడకండి, ఇల్‌ఫర్డ్ వాళ్లే చెప్పిన పద్ధతొకటుంది, ఫిల్మ్ ఉన్న ఆ చిన్న ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులుగా తిప్పి పారబొయ్యడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో అయిపోద్ది. ఎండాకాలం ట్యాంకరు డబ్బులు కట్టేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం.

ఒడ్డు మీద ఫిల్మ్ మార్చేటప్పుడు జాగ్రత్త. రోల్ డబ్బా మూతి దగ్గర ముఖమల్ లాంటి గుడ్డ ఉంటుంది, ఒక్క ఇసక రేణువు దాంట్లో ఇరుక్కుంటే రోల్ పొడుగునా గీత పడుతుంది, 36 ఫోటోల మీదా. నాకు మూడో రోల్‌లో పడింది. ఇప్పుడైతే గాలికి వీపు పెట్టి, తువ్వాలు కింద, లేకపోతే ఎవరింట్లోకన్నా వెళ్లి మారుస్తా. లెన్స్ ముందు మామూలు యూవీ ఫిల్టర్ ఉంచండి, తుంపర ఆరితే ఉప్పు పొరలా పేరుకుంటుంది, పొడిగుడ్డతో తుడిస్తే గీకుతుంది, ముందు మంచినీళ్లతో తడిపిన గుడ్డ, తర్వాత పొడిది. ఇంటికొచ్చాక కెమెరాని కూడా అలాగే తుడవాలి. ఫిల్మ్ ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లు వాడేముందు రెండు గంటలు బయట ఉంచి అప్పుడు డబ్బా తెరవండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

రేటు మాటకొస్తే చివరిసారి నేను కొన్నప్పుడు రోల్ వెయ్యి రూపాయలకి అటూ ఇటూ పడింది, అంటే నొక్కినప్పుడల్లా దాదాపు 28 రూపాయలు. తక్కువేం కాదు. 100 అడుగుల పెద్ద రోల్ కొని మనమే డబ్బాల్లో చుట్టుకుంటే 36 ఫోటోలవి ఒక 18 దాకా వస్తాయి, చవక పడుతుంది, కానీ ఒకేసారి డబ్బు పెట్టాలి. ఇదే కంపెనీ చేసే కెంట్‌మియర్ 400 ఇంకా తక్కువ, రెండు రోల్స్ వాడా, నీడపట్టున కూర్చుని వల కుట్టేవాళ్లని తియ్యడానికి హాయిగా సరిపోయింది, పొద్దున ఎదురు వెలుగులో మాత్రం హెచ్‌పీ5 అంత సాయం చెయ్యలేదు. కొడాక్ వాళ్ల ట్రై-ఎక్స్ ఫిల్మ్ కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) ఎక్కువ ఇష్టపడేవాళ్లకి, నాకు అక్కర్లేదు. ఖర్చులో ఇంకో లెక్క కూడా నేను కలుపుతున్నా, ప్రింట్లు. ఎవర్ని తీశానో వాళ్లకి ఒక ప్రింట్ ఇవ్వకుండా తర్వాతి రోల్ మొదలెట్టకూడదని నియమం పెట్టుకున్నా, అత్త ఫోటోలు పోయిన దగ్గర్నుంచీ.

ఈ ప్రింట్లవల్లే అసలు ఫోటోలు మారాయి. ఇంగ్లండ్‌లో క్రిస్ కిల్లిప్ అని ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు, 2020లో పోయాడు. అక్కడ లైన్‌మౌత్ అనే చోట సముద్రం బొగ్గు ఒడ్డుకి కొట్టేది, గుర్రబ్బండ్లతో నీళ్లలోకి దిగి ఆ బొగ్గు ఏరుకుని బతికేవాళ్లు. ఆయన 1976లో మొదటిసారి వెళ్తే తరిమేశారు, మళ్లీ మళ్లీ వెళ్లి 1982కి గానీ రానివ్వలేదు, తర్వాత వాళ్ల మధ్యే ఒక కారవాన్ (చక్రాల ఇల్లు) వేసుకుని ఉన్నాడు. ఆ ఫోటోలు కూడా బ్లాక్ అండ్ వైటే. అవి చూసినప్పుడు నాకు తట్టింది ఒకటే, ఎవరూ కెమెరాకి భయపడి బిగుసుకుపోలేదు, ఎవరి పనిలో వాళ్లున్నారు. మా ఊరు నాకు అమ్మ ఊరైనా సరే కెమెరా మెళ్లో వేసుకుంటే మొదటి రెండు ట్రిప్పులూ పరాయివాణ్ణే. బోటు నెట్టేటప్పుడు చెయ్యెయ్యి అన్నారు, కెమెరా అత్తకిచ్చి చెయ్యేశా, ప్యాంటు తడిసింది, అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో ట్రిప్పుకి ప్రింట్లు పట్టుకెళ్లాక పిల్లలు పోజులివ్వడం మానేశారు, ఆడవాళ్లు కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవడం మానేశారు. తియ్యొద్దు అన్నవాళ్లని ఇప్పటికీ తియ్యను, ఒకావిడ అప్పు గొడవలో ఉండి వద్దంది, ఆ పొద్దున కెమెరా సంచిలోంచి తియ్యలేదు.

మన హైదరాబాద్ ఫోటోలకి పేరున్న ఊరు, ఆరో నిజాం దగ్గర రాజా దీన్ దయాళ్ తీసిన ప్యాలెస్‌లూ దర్బార్లూ ఇప్పటికీ చూసి ఆశ్చర్యపోతాం, అందులో నవాబుల కోటు గుండీ కూడా లెక్కపెట్టొచ్చు. అంత శ్రద్ధ వల లాగే మనిషి చేతి మీద కూడా పెట్టాలని నా కోరిక. ఇక్కడ రామ్‌నగర్ మార్కెట్‌లో ఆదివారం పొద్దున వంజరం ముక్కలు కొట్టించుకునేటప్పుడు ఐస్ పెట్టెల్లో ఆ చేప ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరమూ అడగం. మృగశిర కార్తె రోజు జూన్ మొదటి వారం చివర్లో సిటీ మొత్తం చేపల కోసం లైన్ కడుతుంది, సరిగ్గా అప్పుడు మా ఊళ్లో బోట్లన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మోటారు బోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం గనక. ఆ రోజుల్లో వలలు కుట్టుకుంటారు, బోట్లు బాగుచేసుకుంటారు. ఫోటోలు నేర్చుకునేవాళ్లకి అదే మంచి టైమ్, తాటాకు పందిరి కింద మెత్తటి వెలుగు, ఎవరికీ తొందరుండదు, వల కుట్టేవాడి పక్కన కూర్చుంటే కాలి బొటనవేలికి వల తగిలించి లాగి పట్టుకుని ముడి ఎలా వేస్తాడో నిదానంగా చూడొచ్చు.

ప్రింట్ విషయంలో ఒక మాట. కాంట్రాస్ట్ పెంచేసి ముడతలన్నీ లోయల్లా చేస్తే నెట్‌లో మెచ్చుకుంటారు. నేనూ మావయ్య ఫోటో ఒకటి అలాగే చేసి తీసుకెళ్లా. చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నేనింత ముసలోణ్ణా?" అన్నాడు. అప్పటికి ఆయనకి 54 ఏళ్లు. ఆ ప్రింట్ వెనక్కి తెచ్చేసి, అదే నెగెటివ్ మామూలు కాంట్రాస్ట్‌లో వేయించి మళ్లీ ఇచ్చా, ఇప్పుడు అది ఇంట్లో గంగమ్మ తల్లి పటం పక్కన ఉంది. హెచ్‌పీ5 స్వతహాగా కొంచెం చప్పగా ఉంటుందని కొందరు తీసిపారేస్తారు, నాకు ఆ చప్పదనమే కావాలి, మనిషి వయసు మనిషికి ఉన్నంతే వస్తుంది. ప్రింట్ మ్యాట్ పేపర్ మీద వేయించండి, ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దానికీ ఫోటోకీ మధ్య అట్ట పెట్టించి ఖాళీ ఉంచమనండి, లేకపోతే ఆ తేమకి రెండు వానాకాలాల్లో ఫోటో అద్దానికి అతుక్కుపోద్ది.

అత్తకి చివరికి నెత్తళ్లు ఎండబెట్టే ఫోటో మళ్లీ తీసిచ్చా, తొమ్మిదో రోల్‌లో. చేతిలోకి తీసుకుని తనని తాను పెద్దగా చూసుకోలేదు, వెనకాల మసగ్గా ఉన్న గోడ మీద వేలు పెట్టి, "ఇదిగో మన పాత వంటిల్లు" అంది. ఉప్పాడ దగ్గర సముద్రం ఏటేటా కోసుకుంటూ లోపలికొస్తుందని పేపర్లో చదివే ఉంటారు, ఒడ్డుకి వేసిన జియో ట్యూబ్ (ఇసక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ కూడా నిలబడలేదు. ఫోటో తీసినప్పటికీ ప్రింట్ ఇచ్చినప్పటికీ మధ్య వచ్చిన ఒక్క వాయుగుండానికి ఆ గోడ పోయింది. నేను ఆ ఫోటోలో గోడని అసలు పట్టించుకోలేదు, ఎఫ్ 4లో తీశా, వెనకంతా మసక. అప్పట్నుంచి ఇళ్లు కనిపించే చోట ఎఫ్ 8కి తగ్గకుండా తీస్తున్నా, గోడ మీద రాసిన పేర్లు కూడా చదవగలిగేలా, ఫిల్మ్ 400 కాబట్టి ఆ వెసులుబాటు ఉంది.

ఇప్పుడు ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా వెనకాల నాలుగు రోల్స్ ఉన్నాయి. జూన్ 13 రాత్రి గౌతమికి టికెట్ తీసుకున్నా. 14 అర్ధరాత్రితో నిషేధం అయిపోద్ది, మొదటి బోట్లలో మావయ్యది కూడా ఉంటుంది, తిరిగొచ్చేసరికి ఎదురుగా ఎండ ఉంటుంది.